శీనూ, ఆ అర్జీ మీద నేనెందుకు సంతకం పెట్టలేదంటే

శీనూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన అర్జీ చదివాను. జవాబు ఇవ్వలేదని నీకు కోపం వచ్చిందని హుసేన్ చెప్పాడు. "వకీలైనాక వీడు కూడా నిందితుల పక్క చేరినాడప్పా" అన్నావంట కదా. సరే, ఆ మాటకు తర్వాత విడిగా పోట్లాడుకుందాం. ఫోన్‌లో చెబితే నన్ను రెండో వాక్యం కూడా పూర్తి చేయనివ్వవు, అందుకే కూర్చుని రాస్తున్నా. మొత్తం చదివి అప్పుడు తిట్టు.

మీ ఆదోని టీచర్లంతా కలిసి అడుగుతున్నది ఏంది? అత్యాచారం కేసులో మనిషిని అరెస్టు చేయగానే కోర్టు ఆర్డరు వేసి వాడికి హెచ్‌ఐవీ టెస్టు చేయించాలి, ఫలితం అమ్మాయి ఇంట్లోవాళ్లకు చెప్పాలి అని. వినేదానికి న్యాయంగానే ఉంది, మీ కోపమూ న్యాయమే. కానీ ఆ కాగితం మీద ఆ అమ్మాయికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

ముందు చట్టం సంగతి చెప్పేస్తా, అది చిన్నదే. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. మనిషికి వివరంగా చెప్పి, వాడు ఒప్పుకుంటేనే టెస్టు చేయాలని సెక్షన్ 5 అంటుంది. కోర్టు గనక తన ముందున్న కేసులో ఏదైనా అంశం తేల్చడానికి ఈ టెస్టు అవసరమని ఆర్డరు వేస్తే ఒప్పుకోలు అక్కర్లేదని సెక్షన్ 6 అంటుంది. అంటే కోర్టుకు అధికారం ఉంది. మెలిక ఎక్కడంటే, ఆ "అంశం తేల్చడానికి" అన్న దగ్గర. అత్యాచారం జరిగిందా లేదా అన్నదానికి వాడి హెచ్‌ఐవీ రిపోర్టుతో ఏం పని అని డిఫెన్స్ లాయరు లేస్తాడు, అప్పుడు సర్కారు తరఫు లాయరు, అదే పీపీ, దగ్గర గట్టి జవాబు ఉండాలి. పిల్లల కేసుల్లో ఆ జవాబు ఉంటుంది. దాడి వల్ల బిడ్డకు హెచ్‌ఐవీ సోకితే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అదే పోక్సో, సెక్షన్ 5 కింద అది తీవ్రమైన నేరమవుతుంది, 2019 సవరణ తర్వాత కనీసం 20 ఏళ్ల జైలు. అలాంటి కేసులో వాడి రక్తం పరీక్ష నిజంగానే కేసులో భాగం, అక్కడ నేనే పిటిషన్ వేస్తా. మిగతా కేసుల్లో, ఎట్లాగూ అరెస్టు తర్వాత డాక్టరు రక్తం తీస్తాడు కదా, దాంట్లోనే ఇదీ చూసేయొచ్చు కదా అని నువ్వు అంటావని తెలుసు. ఆ రక్తం డీఎన్‌ఏ లాంటి సాక్ష్యం కోసం తీసేది. హెచ్‌ఐవీకి వేరే చట్టం ఉంది, దాని దారి దానిదే.

సరే, చట్టం పక్కన పెట్టు. నా అసలు గొడవ గడియారంతో.

హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందులు ఉన్నాయి శీనూ. పెప్ అంటారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్, మూడూ కలిపి ఒకటే మాత్ర, రోజుకొకటి చొప్పున 28 రోజులు మింగాలి. మొదటి మాత్ర ఎంత తొందరగా పడితే అంత మంచిది, వీలైతే రెండు గంటల్లోపే. 72 గంటలు దాటితే ఇక మొదలుపెట్టరు, అప్పటికి వైరస్ ఒంట్లో పాతుకుపోయి ఉంటుంది కాబట్టి. ఇప్పుడు మీ అర్జీ చూడు. ఫిర్యాదు ఇవ్వాలి, ఎఫ్‌ఐఆర్ కావాలి, వాడు దొరకాలి, రిమాండ్ అవ్వాలి, పిటిషన్, కౌంటరు, వాదనలు, ఆర్డరు, శాంపిల్, రిపోర్టు. మా కోర్టులో ఒక మామూలు మెమోకే వాయిదా మీద వాయిదా పడుతుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వించమని తహసీల్దారుకు అర్జీ పెట్టినట్టుంది ఇది.

పోనీ రిపోర్టు వచ్చిందే అనుకో. నెగెటివ్ అని వస్తే ఆ తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. కానీ వాడికి ఈమధ్యే సోకి ఉంటే టెస్టులో కొన్ని వారాల దాకా కనపడకపోవచ్చు, విండో పీరియడ్ అంటారే, అదే. నిజానికి ఆ రోజుల్లోనే ఒంట్లో వైరస్ బాగా ఎక్కువగా ఉంటుంది. పాజిటివ్ అని వస్తే ఇల్లంతా ఏడుపులు. కానీ వాడు రోజూ మందులు వాడుతూ వైరస్ లెక్కకు అందనంత తగ్గి ఉంటే వాడి నుంచి సోకదు, మందులు వాడకపోయినా ఒక్కసారితో సోకే అవకాశం మామూలుగా తక్కువే. దాడిలో గాయాలైతే పెరుగుతుంది, అందుకే ఆ మాత్రలు. అంటే వాడి రిపోర్టు ఎట్లొచ్చినా ఆమె సంగతి ఆమె రక్తమే చెప్పాలి, ఇప్పుడోసారి, ఆరు వారాలకు, మూడు నెలలకు. డాక్టర్లకు మాత్రం వాడి వివరం తెలిస్తే కొంత ఉపయోగం ఉంది, ఏ మందులు వాడుతున్నాడో చూసి ఈమె మందులు మార్చొచ్చు. నేను కాదనను. కానీ దానికోసం ఆగకూడదు.

పోయిన ఎండాకాలం ఒక కేసు వచ్చింది. ఊరు, పేరు, వయసు ఏదీ చెప్పను, చెప్పకూడదని బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 72 ఉంది, లేకపోయినా చెప్పను. తల్లి వచ్చి నా టేబుల్ మీద ఒక ఆసుపత్రి చీటీ పెట్టింది, పైట కొంగులో ముడేసుకుని వచ్చినట్టుంది, నాలుగు మడతలు పడి చెమటకు సిరా పాకిపోయి ఉంది. టీటీ ఇంజెక్షన్, నొప్పి మాత్రలు, ఒక యాంటీబయోటిక్. అంతే రాసి ఉంది. మిగతాది ఎఫ్‌ఐఆర్ కాపీ తెస్తే చూస్తామన్నారంట. "సార్, వానికి ఆ రోగం ఉండాదేమో టెస్టు చేయించండి సార్, మీకు దండం పెడతా" అని ఒకటే మాట. ఎప్పుడు జరిగిందమ్మా అంటే శుక్రవారం అంది. ఆ రోజు బుధవారం.

వైద్యానికి ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు శీనూ. సర్కారుదైనా ప్రైవేటుదైనా ప్రతి ఆసుపత్రీ వెంటనే ఉచితంగా చూడాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 397 చెబుతుంది, చూడకపోతే బీఎన్ఎస్ 200 కింద ఏడాది దాకా జైలు. పిల్లలైతే 2020 పోక్సో రూల్స్‌లో హెచ్‌ఐవీ నివారణ మందుల మాట కూడా ఉంది. ఇన్ని ఉండి కూడా ఆ చీటీలో ఒక లైను రాసే మనిషి లేకపోయె. నా కడుపు మండేది అక్కడ, మీరు రాసింది చదివితే కోపం వచ్చేదీ అందుకే.

అమెరికాలో చేయిస్తారు కదా అని నీ మెసేజ్‌లో రాశావు. చేయిస్తారు. మహిళలపై హింసను అరికట్టడానికి 1994లో చేసిన ఫెడరల్ చట్టంలో, బాధితురాలు అడిగితే కోర్టు ఆర్డరు ఇచ్చే వీలు పెట్టారు. తర్వాత, ఆమె కోరితే అభియోగం పెట్టిన 48 గంటల్లోపు నిందితుడికి టెస్టు చేయించే ఏర్పాటు లేని రాష్ట్రాలకు ఒక రకం గ్రాంటులో 5 శాతం కోత కూడా పెట్టారు. చూశావా, అక్కడ కూడా 48 గంటలు లెక్కించేది అభియోగం నుంచి, ఘటన నుంచి కాదు. ఇంకోటి, అక్కడ అడిగేది ఆమె. మీ అర్జీలో ఆమెను అడిగిన పాపాన పోలేదు, ఫలితం నేరుగా "ఇంట్లోవాళ్లకు" అన్నారు. ఆమెకు మేజరు వయసుంటే ఇంట్లోవాళ్లకు తెలియాలో లేదో ఆమె ఇష్టం కదరా.

ఇక రహస్యం గురించి. మన హెచ్‌ఐవీ చట్టం సెక్షన్ 34లో మారుపేరుతో, తలుపులు మూసి విచారణ చేసే వీలుంది. కానీ మన కోర్టు వరండా నీకు తెలీదా, పొద్దున బంట్రోతు పిలిచిన పేరు మధ్యాహ్నానికి టీ బండి దగ్గర ఉంటుంది. వాడికి పాజిటివ్ అని బయటికొచ్చిందంటే ఆ మరుక్షణం ఊరు మాట్లాడేది వాడి గురించి కాదు, ఆ పిల్ల గురించి. ఆ పిల్లకు ఏమీ సోకకపోయినా సరే.

కాబట్టి అర్జీ ఇట్లా మార్చు. అరెస్టు కాగానే అందరికీ టెస్టు అన్న లైను తీసేయ్. దాని బదులు, జిల్లాలో ప్రతి ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో, ఆదోనిలోనూ, రాత్రి పూట కూడా పెప్ మాత్రలు ఉండాలని రాయి. ఎఫ్‌ఐఆర్ అడగకుండా, టెస్టు రిపోర్టు కోసం ఆగకుండా మొదటి మాత్ర అక్కడే వేయాలి, మిగతా కోర్సుకు మన పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు పంపాలి అని. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర, హెపటైటిస్ బి టీకా కూడా కలుపు. ఫిర్యాదు తీసుకునే కానిస్టేబుల్ మొదటి ప్రశ్నగా "ఆసుపత్రికి పోయినారా అమ్మా" అని అడగాలని రాయి. కోర్టు టెస్టు మాట ఉంచాలనుకుంటే, "బాధితురాలు కోరితే, కేసుకు అవసరమైతే" అని పెట్టు, దానికి నాకు అభ్యంతరం లేదు. మీ హాస్టల్ వార్డెన్లకు 1097 నంబరు ఇవ్వు, హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

మార్చి పంపితే సంతకం పెడతా, మా బార్ అసోసియేషన్‌లో ఇంకొందరితో కూడా పెట్టిస్తా. కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ సోమవారం కదా, ఆదివారం లోపల పంపు. పొద్దున బస్సుకు నువ్వే వచ్చేయ్, ఇద్దరం కలిసి పోదాం, ఉగ్గాని బజ్జీ నా ఖర్చు.

నీ
మద్దిలేటి
కర్నూలు