మతం వదిలినవాళ్ల గ్రూపుల్లో ఫోన్ నంబర్ల గొడవ

సంపాదకుడు గారికి,

మతం వదిలేసిన తెలుగువాళ్ల వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో రగడ జరిగినప్పుడల్లా బయటివాళ్లకు అది ఆస్తికులకూ నాస్తికులకూ నడుమ వాదంలా కనిపిస్తుంది. లోపలి తగువులు వేరు. ఎవరి నంబరు ఎవరి కంటపడింది, ఎవరి మాట స్క్రీన్‌షాట్ అయి ఏ పిన్నిగారి ఫోన్‌కి చేరింది, చేరవేసినవాణ్ణి అడ్మిన్ ఎందుకు తీసేశాడు, లేదా ఎందుకు తీయలేదు? గొడవంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఇలాంటి గ్రూపులు నడిపే కొందరం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది.

వాట్సాప్ సాధారణ గ్రూపులో 1,024 మంది దాకా చేరవచ్చు. చేరిన ప్రతివాడి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. పేరు మార్చుకుని, డీపీలో బంతిపువ్వు పెట్టుకున్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. ఆ నంబరును ఏ యూపీఐ యాప్‌లోనో కొడితే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు ఇంటిపేరుతో సహా వచ్చేస్తుంది. ట్రూకాలర్‌లో కొడితే, ఊళ్లో ఎవరో దాచుకున్న ‘పాస్టర్ గారి రెండో అమ్మాయి’ అనే పేరు తగిలినా తగలవచ్చు. రెండు నిమిషాల్లో ఇంటిపేరు, ఊరు, సంఘం తేలిపోతాయి. ఇందుకు హ్యాకింగ్ తెలియాల్సిన పనే లేదు.

తేలితే ఏమవుతుందని అడిగేవాళ్లుంటారు. 2017 మార్చిలో కోయంబత్తూరులో ఇస్లాం వదిలి హేతువాదిగా మారిన ఓ యువకుణ్ణి చంపేశారు. అతని వాట్సాప్, ఫేస్‌బుక్ రాతలే కారణమని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ప్రాణాల మీదికి రావడం అరుదే. రోజూ జరిగేవి చిన్నవిగా కనిపించే పెద్ద నష్టాలు: కాలేజీ ఫీజు ఆగిపోతుంది, కుదిరిన సంబంధం తప్పిపోతుంది, మిషన్ స్కూల్లో ఉద్యోగం పోతుంది. ఇంకో చిక్కు మన రాష్ట్రాలవాళ్లకు బాగా తెలిసిందే. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు వెనుకబడిన తరగతుల్లోని సి గ్రూపు (బీసీ-సి) కిందికి వస్తారు. క్రైస్తవం స్వీకరించినవారికి ఎస్సీ హోదా ఉండదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో మళ్లీ చెప్పింది. కాగితం మీద హిందువుగా ఉంటూ ఇరవయ్యేళ్లు చర్చికి వెళ్లి, ఇప్పుడు అదీ మానేసిన మనిషి గ్రూపులో మనసు విప్పి రాసుకున్న నాలుగు మాటలు రేపు ఎవరి చేతిలోనైనా తహసీల్దారుకు ఇచ్చే ఫిర్యాదులో జతపరిచే కాగితం కావచ్చు. దేవుణ్ణి నమ్మనని చెప్పినందుకు ఇంటిల్లిపాది సర్టిఫికెట్లూ ప్రశ్నలో పడతాయి.

ఇక్కడే మా పాత తరం పెద్దలతో మాకు పేచీ. ‘దాక్కోవడం దేనికి, పేరు పెట్టి మాట్లాడండి’ అంటారు. ఆ మాటకు ఒక చరిత్ర ఉంది, కాదనం. నాస్తిక ఉద్యమ నాయకుడు గోరా (గోపరాజు రామచంద్రరావు) గారు నాస్తికత్వం వల్ల కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు చేరింది. వాళ్లు చేసిందంతా పదిమంది ముందు, పేరుతోనే. కానీ ఆ వేదిక ఎక్కాలని వాళ్లే నిర్ణయించుకున్నారు. గుంటూరు హాస్టల్లో ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్లను వేదిక ఎక్కించే హక్కు అడ్మిన్‌కు లేదు. నిజనామం తప్పనిసరి చేసిన గ్రూపుల్లో ఆడపిల్లలు నోరు విప్పరు, కొన్నాళ్లకు అసలు ఉండరు. ఇక మిగిలేది ఒకరినొకరు మెచ్చుకునే రిటైర్డు మగవాళ్లు.

కాబట్టి ముందు ఇల్లు సరిగ్గా కట్టుకోవాలి, నియమాల సంగతి తరువాత. నంబరు దాచే వీలు సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో మెరుగు. 2024 నుంచి అక్కడ యూజర్‌నేమ్ ఉంది, మీ నంబరు ఎదుటివాళ్లకు మామూలుగానే కనపడదు. టెలిగ్రామ్ అయితే ప్రైవసీ సెట్టింగుల్లో ఫోన్ నంబర్ దగ్గర రెండు మీటలుంటాయి. ‘నా నంబరు ఎవరు చూడవచ్చు’ అన్నదాన్ని ‘ఎవరూ వద్దు’ అని పెట్టి చాలామంది అక్కడితో ఆగిపోతారు. కింద ఉన్న ‘నంబరుతో నన్ను ఎవరు కనుక్కోవచ్చు’ అన్నది ‘అందరూ’గానే ఉండిపోతుంది. మీ నంబరు ఉన్న మేనమామ తన ఫోన్ కాంటాక్టులను టెలిగ్రామ్‌తో కలిపాడంటే మీ ముద్దుపేరు ఖాతా ఆయన ఫోన్లో ప్రత్యక్షం. రెండోదాన్ని ‘నా కాంటాక్టులు’కు మార్చి, కాంటాక్టులు కలిపే మీటను ఆపి, అప్పటికే చేరినవాటిని చెరిపేయాలి. వేరే సిమ్ తీసుకుంటే మంచిదే, అయితే రీచార్జి మరవకూడదు. మూణ్ణెల్లు వాడకపోతే ఆగిపోతుంది, తరువాత ఆ నంబరు మరొకరికి వెళుతుంది, దానితో మీ ఖాతా కూడా వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే రెండంచెల పాస్‌వర్డ్ పెట్టుకోవడం తప్పనిసరి.

టెలిగ్రామ్ గ్రూపులో సందేశాల ఫార్వార్డును, సేవ్‌ను ఆపే మీట ఉంది. సభ్యుల సంఖ్య వంద దాటితే జాబితానూ దాచవచ్చు. ఇవి బద్ధకస్తుణ్ణి ఆపుతాయి, పక్కన ఇంకో ఫోన్ పెట్టి ఫొటో తీసేవాణ్ణి ఆపవు. అక్కడి గ్రూపు సంభాషణలకు ఆద్యంత ఎన్‌క్రిప్షన్ (సభ్యులు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ) లేదన్నది కూడా సభ్యులకు ముందే చెప్పాలి. ఫేస్‌బుక్ గ్రూపుల్లో ‘అజ్ఞాత పోస్టు’ అన్నది సభ్యులకే అజ్ఞాతం. అడ్మిన్‌లకు పేరు కనిపిస్తూనే ఉంటుంది. వాట్సాప్‌లో మాయమయ్యే సందేశాలు 24 గంటలు, 7 రోజులు, 90 రోజుల గడువుల్లో దొరుకుతాయి గానీ, ఆ సందేశాన్ని ఎత్తిచూపుతూ ఎవరైనా జవాబిస్తే ఎత్తిచూపిన ముక్క మిగిలిపోవచ్చు.

గ్రూపు నుంచి వెళ్లిపోవడమూ అంత సులువు కాదు. వాట్సాప్‌లో తప్పుకున్నవాళ్ల పేర్లు అరవై రోజుల పాటు మాజీ సభ్యుల జాబితాలో అందరికీ కనిపిస్తాయి. గూఢచారి అని తేలినవాణ్ణి అడ్మిన్ తీసేస్తే గ్రూపంతా సంబరపడుతుంది. కానీ అంతకుముందు వచ్చిన సందేశాలన్నీ వాడి ఫోన్లో భద్రంగా ఉంటాయి, పాత ఆహ్వాన లింకు కూడా. తీసేసిన వెంటనే లింకును రీసెట్ చేయాలి, కొత్తవాళ్లు అడ్మిన్ అనుమతితోనే చేరేలా పెట్టాలి, ఎవరి మాటలు బయటికి పోయి ఉండవచ్చో వాళ్లకు విడిగా చెప్పాలి. ఈ మూడో పని చేయని అడ్మిన్‌లే ఎక్కువ. తప్పు బయటపడుతుందని మొహమాటం.

చేర్చుకునే దగ్గర ఆధార్ అడిగే గ్రూపులున్నాయి. దయచేసి మానండి. ‘ఏ మతం, ఏ ఊరు, ఏ సంఘం, ఎప్పుడు వదిలావు’ అని గూగుల్ ఫారంలో రాయిస్తే అది మీరే తయారుచేసి ఉంచిన చిట్టా. అడ్మిన్ ఫోన్ పోయిందంటే అందరూ పోయినట్టే. దానికి బదులు, లోపల పెరిగినవాళ్లకే తెలిసే మాటలు కదపండి. కన్నీటి ప్రార్థన అంటే ఏమిటి, కూటంలో సాక్ష్యం ఎప్పుడు చెప్పిస్తారు, దశమభాగం (రాబడిలో పదోవంతు చర్చికిచ్చే కానుక) కవరు మీద ఏం రాసేవాళ్లు? జవాబులు దాచుకోవద్దు. తరువాత పది రోజులు పుస్తకాలూ వార్తలూ మాట్లాడే బయటి గదిలోనే ఉంచి, ఆపైన సొంత గోడు చెప్పుకునే గదిలోకి తేవాలి. నలభై, యాభై మంది దాటితే ఆ లోపలి గది రహస్యం రహస్యంగా ఉండదు.

మోడరేషన్ తగువుల్లో మొదటిది ఎగతాళి. క్రైస్తవం వదిలినామె రాసుకున్న బాధ ఇంకో మత ప్రచారకుల గ్రూపులో ‘చూశారా’ అంటూ తిరుగుతుంది. ఇస్లాం వదిలినవాడి మాటా అంతే. గ్రూపు మెల్లగా ఒక్క మతాన్నే తిట్టే అడ్డా అయిపోతుంది. మా గీత ఇది: దశమభాగం వసూలు తప్పు అన్న మాట ఉంటుంది, ‘ఆ మతంవాళ్లంతా’ అని మొదలయ్యే వాక్యం ఉండదు. దేవుళ్ల మార్ఫింగ్ బొమ్మలు వెంటనే తీసేస్తాం. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు, పైగా ఆ బొమ్మతో ఎవరి నమ్మకమూ మారదు. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అయినా ఆ మాట కోర్టు దాకా వెళ్లాకే పనికొస్తుంది. స్టేషన్లో ఫోన్ ముందే తీసుకుంటారు.

రెండోది మరీ కష్టం. బోధకుడో బాబానో తనను ఏం చేశాడో ఒకామె పేరుతో సహా రాస్తుంది. ఉంచితే పరువునష్టం అంటారు, తీసేస్తే గొంతు నొక్కారంటారు. పోస్టును కనపడకుండా చేసి, అంతకుముందే ఆమె అనుమతితో నకలు తీసి, మహిళా అడ్మిన్ విడిగా మాట్లాడాలి. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. గ్రూపులో జాలిపడుతూ పేరు ఫార్వార్డు చేసినవాళ్లకూ అది వర్తిస్తుంది. పిల్లల విషయమైతే దాచే వీలే లేదు. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) 19వ సెక్షన్ చెబుతోంది. బెదిరింపు సందేశాలను కూడా కోపంతో చెరిపేయవద్దు. నంబరు, తేదీ, సమయం కనిపించేలా దాచి, ఆ ఫోన్‌నూ ఫార్మాట్ చేయకుండా ఉంచాలి. ఫోన్‌లోని సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రం అసలు పరికరం ఉంటేనే సులువు.

మూడోది తొలగింపుల మీద అలక. టెలిగ్రామ్‌లో అడ్మిన్ చేసిన పనుల చిట్టా 48 గంటలే ఉంటుంది. ఆ తరువాత ఎవరు ఏం తీశారన్నది నోటిమాటే, అక్కడే ముఠాలు పుడతాయి. కాబట్టి తీసిన ప్రతిదానికీ తేదీ, నియమం సంఖ్య, తీసిన అడ్మిన్ పొడి అక్షరాలు రాయాలి. సభ్యుడి పేరు, తీసేసిన మాట రాయకూడదు. తీసినవాడు కాక మరో అడ్మిన్ మూడు రోజుల్లో అప్పీలు వినాలి.

పత్రికలవారికి ఒక విన్నపం. ఈ గొడవలు వార్తకు ఎక్కినప్పుడు స్క్రీన్‌షాట్లలో పేరు మీద నల్లగీత గీసి, డీపీనీ నంబరు చివరి నాలుగంకెలనూ వదిలేస్తున్నారు. బంధువులకు ఆ నాలుగంకెలు చాలు. స్క్రీన్‌షాట్‌లో కుడివైపు పచ్చగా ఉన్న మాటలు ఆ ఫోన్ యజమానివి, అంటే మీకు సమాచారం ఇచ్చినవాళ్లూ దొరికిపోతారు. బొమ్మ వేయకండి, మాటల సారాంశం రాయండి. గ్రూపు పేరు కూడా వద్దు; వేసిన మర్నాడే దాన్ని పట్టుకుని వెతికేవాళ్లు చేరుతున్నారు.

– కొందరు గ్రూపు అడ్మిన్‌లు, గుంటూరు, హైదరాబాదు
(పేర్లు ప్రచురించవద్దని మనవి)