తేడాగా రాసే డాక్టరుదే తప్పనుకుంటే ఎలా?

సంపాదకుల వారికి,

డాక్టర్లు రాసే మందుల చీటీలను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, అందరికంటే తేడాగా రాస్తున్నవాళ్లను పట్టుకోవాలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. జల్లెడ పట్టడం నాకూ ఇష్టమే. ‘పట్టుకోవాలి’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. 22 ఏళ్లుగా మందుల కౌంటర్ వెనక నిలబడి చీటీలు చదువుతున్న ఫార్మసిస్టుని. ఒకసారి ఇలాగే ఒక డాక్టరుగారిని మనసులో దోషిని చేసి, తర్వాత నాలుక కరుచుకున్నాను.

ఆయన చీటీల్లో ఇన్‌హేలర్లు బాగా ఎక్కువ. చుట్టుపక్కల డాక్టర్లందరూ పిల్లల దగ్గుకు సిరప్పు, యాంటీబయాటిక్ రాస్తుంటే, ఈయన పీల్చే స్టెరాయిడ్ రాసేవారు. ఏ కంపెనీవాళ్లో బాగా చూసుకుంటున్నారు కాబోలని నేనూ, నాతో పనిచేసే అబ్బాయీ నవ్వుకునేవాళ్లం. కొన్ని నెలలు పోయాక ఒకటి గమనించాను. ఆయన దగ్గరికి వెళ్లే పిల్లల తల్లులు యాంటీబయాటిక్ సీసా కోసం మాటిమాటికీ రావడం మానేశారు. రాత్రిళ్లు దగ్గి, పరిగెత్తితే ఆయాసపడే ఆ పిల్లలకు ఉన్నది ఆస్తమా. ఆయన ఆస్తమాకు మందు రాశారు, మిగతావాళ్లు దగ్గుకు రాశారు. లెక్కల్లో చూస్తే అందరికీ దూరంగా, ఒంటరిగా నిలబడేది ఆయనే.

ఈ లెక్క కట్టే పద్ధతి ఒకటి చూస్తే విషయం తెలుస్తుంది. ఒక రకం మందులన్నిటినీ ఒక గుంపుగా తీసుకుంటారు, నొప్పికి వాడే ఓపియాయిడ్లు (మార్ఫిన్ లాంటివి) అనుకోండి. ఆ గుంపులో ఏ మందు వాటా ఎంతో క్లినిక్‌ల వారీగా చూస్తారు. మిగతా చోట్ల వంద చీటీల్లో రెండో మూడో ఉండే మందు ఒక క్లినిక్‌లో నలభై ఉంటే అది పైకి తేలుతుంది. రోగుల పేర్లతో పని లేదు. వాటాలు చూస్తారు కాబట్టి కిటకిటలాడే క్లినిక్‌నీ, ఖాళీగా ఉండే క్లినిక్‌నీ ఒకే కొలతతో కొలవొచ్చు. మంచి ఉపాయమే. కానీ ఆ గుంపులో రాసినవే ఐదు చీటీలైతే, రెండింటితోనే నలభై శాతం అయిపోతుంది. ఒక డాక్టరు చివరి దశ క్యాన్సర్ రోగులను ఇళ్లకు వెళ్లి చూస్తుంటే ఆయన లెక్కలో మార్ఫిన్ ఎక్కువే ఉంటుంది, ఉండాలి కూడా. ఈ పద్ధతి కొలిచేది మిగతా డాక్టర్లకు ఎంత దూరంలో ఉన్నారనే. ఆ మిగతావాళ్లంతా దారి తప్పితే ఆ సంగతి దీనికి తెలియదు.

అలాగని చీటీల జోలికే పోవద్దనే డాక్టర్లతోనూ నేను ఏకీభవించను. ఇంగ్లండ్‌లో హెరాల్డ్ షిప్‌మన్ అనే జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టరుకి, 15 హత్యల కేసుల్లో 2000 జనవరిలో శిక్ష పడింది. ఆ తర్వాత జరిగిన విచారణ 215 మందిని చంపాడని తేల్చింది. వాడిన డయామార్ఫిన్‌లో (మార్ఫిన్ జాతి గట్టి నొప్పి మందు) చాలావరకు రోగుల పేర్ల మీద చీటీలు రాసి సంపాదించాడు. చివరి ఏళ్లలో ఆ మందు తీసుకున్నది తన క్లినిక్ పక్కనున్న షాపులోనే. అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. కౌంటర్ మీద విడివిడిగా చూస్తే ప్రతి చీటీ మామూలుగానే ఉంటుంది. అన్నీ కలిపి, పక్క డాక్టర్లవాటితో పోల్చి చూసే పని అప్పుడు ఎవరూ సరిగ్గా చేయలేదు.

ఇప్పుడు అక్కడ ప్రతి జీపీ క్లినిక్ ఏ మందు ఎంత రాసిందో నెలనెలా బయటపెడతారు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల ‘ఓపెన్ ప్రిస్క్రైబింగ్’లో ఎవరైనా చూసుకోవచ్చు. నాకు వీటన్నిటికంటే నచ్చింది 2014లో అక్కడి ప్రభుత్వం పంపిన ఒక ఉత్తరం. యాంటీబయాటిక్స్ ఎక్కువగా రాస్తున్న క్లినిక్‌లకు దేశ చీఫ్ మెడికల్ ఆఫీసర్ పేరుతో వెళ్లింది. మీ ప్రాంతంలో 80 శాతం క్లినిక్‌లు మీకన్నా తక్కువ రాస్తున్నాయి అన్నది అందులో అసలు మాట. నోటీసు లేదు, బెదిరింపు లేదు. ఉత్తరం అందని క్లినిక్‌లతో పోలిస్తే ఆరు నెలల్లో 3.3 శాతం తగ్గింది. చిన్న అంకెలా ఉంది కదా? సుమారు 73 వేల చీటీలు.

అందుకే నేను కోరేదేమిటంటే, అంకె తేడాగా కనిపిస్తే అది ముందు ఆ డాక్టరు చేతికే వెళ్లాలి. వివరణ చెప్పుకునే వ్యవధి ఇవ్వాలి. ఆ వివరణను వైద్యం తెలిసినవాళ్లు చదవాలి. మార్ఫిన్ లాంటి మందుల విషయంలో మాత్రం ఆలస్యం వద్దు, వారంలో ఎవరో ఒకరు వెళ్లి రికార్డులు చూడాలి. ఇక సగటు దగ్గర క్షేమంగా దాక్కున్నవాళ్లను కూడా వదలకూడదు. వాళ్లను కొలవడానికి వేరే కొలబద్ద ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే యాంటీబయాటిక్స్‌ను యాక్సెస్ (మామూలు జబ్బులకు ముందుగా వాడాల్సినవి), వాచ్ (ఆచితూచి వాడాల్సినవి), రిజర్వ్ (చివరి దారిగా దాచుకోవాల్సినవి) అని మూడు గుంపులు చేసింది. 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా వాడకంలో కనీసం 70 శాతం యాక్సెస్ గుంపువే ఉండాలని 2024లో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. పక్కవాడితో పోల్చుకుని సంతృప్తి పడే వీలు అందులో లేదు.

ఇంకొక్కటి. చీటీలో మందు పేరు ఉంటుంది, డోసు ఉంటుంది, ఎన్ని రోజులో ఉంటుంది. ఎందుకు రాశారో చాలాసార్లు ఉండదు. ‘ఇది దేనికండీ?’ అని జనం నన్ను రోజూ అడుగుతారు, నేను ఊహించి చెప్తాను. ఆ చీటీలు చదివే కంప్యూటర్ కూడా ఊహించాల్సిందే. కోట్లు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే ముందు, చీటీలో జబ్బు పేరు రాయడానికి ఒక గడి పెట్టించండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు