సంభావ్యత పాఠం గవ్వలతో మొదలుపెట్టాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఖమ్మంలో పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఇంటి దగ్గర లెక్కల ట్యూషన్ చెప్తాను. మొన్న ఇంటర్ రెండో ఏడాది చదివే అబ్బాయిని ఒక మాట అడిగాను. నాణెం ఎగరేస్తే వరసగా ఐదుసార్లు బొమ్మే పడింది, ఆరోసారి ఏది పడే ఛాన్స్ ఎక్కువ అని. బొరుసే సార్, ఇన్నిసార్లు బొమ్మ పడింది కదా, ఇక దాని వంతు అన్నాడు. వీడు సంభావ్యత (ప్రాబబిలిటీ) చాప్టర్లో ఏ లెక్క ఇచ్చినా గబగబా చేసేస్తాడు, సూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఇంతకుముందు ఏం పడిందో నాణేనికేం తెలుసురా అంటే నా మొహం చూస్తూ ఉండిపోయాడు. స్వతంత్ర ఘటనలు అన్న పేరుతో ఆ విషయమే వాడి నోట్సులో రాసి ఉంది.

తప్పు వాడిది కాదు. నేనూ అలాగే చదివాను. బేయ్స్ సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపించండి అంటే ఏడు మార్కులు, బట్టీ పట్టి రాశాను, మార్కులు పడ్డాయి. కళ్లముందున్న ఫలితం చూసి, దాని వెనక కారణం ఏదై ఉండే ఛాన్స్ ఎంతో లెక్కగట్టే సూత్రం అది. చాలా ఏళ్ల తర్వాత మా అమ్మకు ఒక పరీక్షలో పాజిటివ్ వచ్చింది, ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. రెండో పరీక్షలో ఏమీ లేదని తేలాక కాగితం తీసుకుని, ఉదాహరణకని అంకెలు నేనే వేసుకుని కూర్చున్నాను. వెయ్యి మందిలో జబ్బు ఉన్నవాళ్లు 10 మంది, వాళ్లలో 9 మందిని పరీక్ష పట్టుకుంటుంది. జబ్బు లేని 990 మందిలో పదోవంతు, అంటే 99 మందికి కూడా పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 108, నిజంగా జబ్బు ఉన్నవాళ్లు 9, పన్నెండు మందిలో ఒక్కరు. రెండో పరీక్ష ఎందుకు చేయించుకోవాలో, మొదటిదానికే ఎందుకు బెంబేలెత్తకూడదో ఆ ఒక్క కాగితంలో ఉంది. ఏడు మార్కులు తెచ్చుకున్న నాకు అప్పటిదాకా అది తెలియదు.

అందుకే ఈ ఏడాది పుస్తకం తెరవకుండా అష్టాచెమ్మతో మొదలుపెట్టాను. నాలుగు గవ్వలు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఒక్కో గవ్వ రెండు రకాలుగా పడొచ్చు కాబట్టి మొత్తం 16 రకాలు, అందులో చెమ్మకు ఒకటే, అష్టకూ ఒకటే, రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడటానికి మాత్రం ఆరు. పిల్లలు చాప మీద గవ్వలు తిప్పి తిప్పి పెట్టుకుని ఆ ఆరూ వాళ్లే వెతికారు, నాలుగింట్లో రెండు ఎంచుకునే ఈ రకాల లెక్కనే పుస్తకంలో 4సీ2 అంటారని తర్వాత చెప్పాను. ఇప్పుడు 160 సార్లు వేసి రాయండి అన్నాను. లెక్క ప్రకారం చెమ్మ ఓ పది, అష్ట ఓ పది రావాలి. చెమ్మ 17 వచ్చింది, అష్ట ఆరే. ఒక అమ్మాయి గవ్వను చేతిలోకి తీసుకుని వీపు తడిమి చూసి, ఇది రెండు పక్కలా ఒకేలా లేదు కదా సార్, సగం సగం అని మనం ఎందుకు అనుకున్నాం అంది. ఇన్నేళ్లలో నా క్లాసులో నేను విన్న మంచి ప్రశ్న అదే. రాసుకున్న 640 గవ్వలు చూస్తే 365 వెల్లకిలా పడ్డాయి, అంటే వందకు 57. ఆ 57తో మళ్లీ కడితే చెమ్మ 17 దగ్గర, అష్ట ఐదారు దగ్గర తేలాయి. గవ్వ తీరు తెలిస్తే ఎన్ని పడతాయో అంచనా కట్టేది సంభావ్యత, పడ్డవి చూసి గవ్వ తీరు పట్టుకునేది సాంఖ్యక శాస్త్రం, రెండూ ఒకే చాప మీద దొరికాయి. మర్నాడు మళ్లీ వేస్తే అంకెలు కొంచెం మారాయి, ఎంత మారితే మామూలు, ఎంత మారితే అనుమానించాలి అని వాళ్లే అడిగారు. అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో కొలిచే విస్తరణ కొలతల పాఠం ఇక నేను మొదలుపెట్టక్కర్లేకుండానే మొదలైంది. భారతంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణ మహారాజు చెట్టు చూసి ఆకులూ కాయలూ ఇన్ని అని చెప్తే ఆయన రథం తోలుతున్న నలుడు ఊరికే నమ్మలేదు, రథం ఆపి, చెట్టు కొట్టి లెక్కపెట్టుకున్నాడు. మా పిల్లలకు ఆ అలవాటు కావాలి.

ఇది మార్కుల గొడవ ఒక్కటే కాదండీ. కాలేజీ ప్రకటనలో సగటు ప్యాకేజీ 7 లక్షలు అని చూసి అప్పు చేసి చేర్పించే తల్లిదండ్రులున్నారు. తొమ్మిది మందికి 3 లక్షల చొప్పున, ఒక్కరికి 43 లక్షలు వచ్చినా సగటు 7 లక్షలే, మధ్యగతం, అంటే అందరినీ వరసలో పేరిస్తే నడిమధ్య వచ్చేది, మాత్రం 3 లక్షలు. సగటు, మధ్యగతం పదో తరగతిలో అందరం చేసిన లెక్కలే. ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఈసారి తప్పకుండా వస్తుందని బెట్టింగ్ యాప్‌లో మళ్లీ డబ్బు పెట్టే కుర్రాడిదీ, నాణెం దగ్గర నా శిష్యుడిదీ ఒకటే పొరపాటు, కాకపోతే అక్కడ ఇల్లు గుల్లవుతుంది.

మీ చదువుల పేజీలో పరీక్షల ముందు ముఖ్యమైన ప్రశ్నలు వేస్తున్నారు, వేయండి, పిల్లలకు అవసరమే. దాని పక్కన వారానికి ఒక్కసారి, ఒక్క భావన తీసుకుని ఇంట్లో ఉన్న వస్తువులతో చేసి చూసేలా తెలుగులో రాయించండి. మిర్చి యార్డు ధరలు, వానల లెక్కలు మీ పేపర్లోనే రోజూ ఉంటాయి, వాటితోనే చెప్పొచ్చు. జూన్ 29 జాతీయ గణాంక దినోత్సవం. ఆ రోజు గణాంక శాస్త్రవేత్తలు మహలనోబిస్ గారి ఫొటో, మన సి.ఆర్.రావు గారి గురించి నాలుగు వాక్యాలు వేసి ఊరుకోకుండా, ఆ రోజే ఈ శీర్షిక మొదలుపెట్టండి. మొదటి వారానికి గవ్వల పాఠం నేను రాసి పంపిస్తాను.

- ఒక ట్యూషన్ మాస్టారు, ఖమ్మం