ప్లేటే లేని బండికి చలానా ఎలా పంపుతారు మంత్రిగారూ?

రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రద్దీ రోడ్ల మీద బైకు విన్యాసాల గురించి ఇచ్చిన అర్జీలకు ఇంతవరకు ఒకటే జవాబు: 'సంబంధిత శాఖకు పంపడమైనది.' కొన్నిటికి అదీ లేదు. అందుకే ఇలా అందరి ముందూ అడగాల్సి వస్తోంది.

చలానాలు రాయడం లేదని మేం అనం. బాగానే రాస్తున్నారు. హెల్మెట్ బకిల్ పెట్టుకోవడం మరిచిన పెద్దాయనకూ, సిగ్నల్ దగ్గర ముందు చక్రం తెల్లగీత మీదికెళ్లిన ఉద్యోగికీ ఫోటోతో సహా ఫోనుకే వచ్చేస్తోంది. వాళ్లు చేసిన ఘనకార్యమల్లా నెంబర్ ప్లేటు తిన్నగా బిగించుకోవడం. మీ కెమెరాకు మనిషితో పనిలేదు, వేగంతో పనిలేదు, ప్లేటు మీద అక్షరాలు కనబడితే చాలు. అవి కనబడకపోతే ఆ బండి అసలు రోడ్డు మీదికే రానట్టు లెక్క.

ఈ సంగతి మీ అధికారుల కంటే ఆ విన్యాసాలు చేసే కుర్రాళ్లకే బాగా తెలుసు. వెనక మడ్‌గార్డు ఊడదీసి ప్లేటును సీటు కిందికి, ఆకాశం చూసేలా పడుకోబెడతారు. కొందరు ప్లేటుకు మడత బందు వేయించి కెమెరా దగ్గర పైకి లేపుతారు. చివరి అంకె మీద మాస్కు తగిలిస్తారు, నల్ల టేపు అంటిస్తారు. ఏమీ లేకపోతే వెనక కూర్చున్నవాడు చెయ్యి వెనక్కి పెట్టి ప్లేటు మూసేస్తాడు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి చేశారు, పగలగొడితే తప్ప లాక్ ఊడదన్నారు. నిజమే, లాక్ ఊడదు. ప్లేటును పట్టుకున్న బ్రాకెట్ బోల్టులు మాత్రం మామూలు స్పానర్‌కే ఊడొస్తాయి. లాక్ భద్రంగానే ఉంటుంది, ప్లేటుతో పాటు ఇంట్లో.

ఇక ప్లేటు లేని ఆ బండి రోడ్డు మీద ఏం చేస్తుందో చూడండి. ముందు చక్రం పైకి లేపి వెనక చక్రం మీదే నడుపుతారు. అది గాల్లో ఉన్నంతసేపూ హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు, ముందు బ్రేకు నొక్కినా ఆగదు. బైకును ఆపే బలంలో ఎక్కువ భాగం ఆ ముందు బ్రేకుదే. ఆపాలంటే ఎక్సలేటర్ వదలాలి, వెనక బ్రేకు తొక్కాలి, చక్రం నేలకు దిగాలి, అదీ తిన్నగా దిగాలి. వంకరగా దిగితే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుని బండి విసిరేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రోడ్డు దాటుతున్న ముసలమ్మకు మిగిలేది ఆ ఒకటి రెండు సెకన్లే. రాత్రయితే హెడ్‌లైటు ఆకాశంలోకి కొడుతుంది కాబట్టి ఎదురుగా ఏదో వస్తోందన్న సంగతి కూడా ఆవిడకు తెలియదు.

బండ్ల మధ్య సందుల్లో దూరేవాళ్లది మరో రకం. హ్యాండిల్‌కు అడ్డమని ముందు అద్దాలు పీకేస్తారు. బస్సుకూ కారుకూ మధ్య మిగిలేది అటు జానెడు, ఇటు జానెడు. కారు తలుపు కాస్త తెరుచుకున్నా, హ్యాండిల్ కొస దేనికైనా తగిలినా బండి పడిపోతుంది, పడేది బస్సు వెనక చక్రం ముందు. మలుపు తిరిగే బస్సుకు ఎడమవైపు దూరినవాడు డ్రైవర్‌కు అద్దంలో కనబడడు. తర్వాత తన్నులు తినేది మాత్రం డ్రైవరే.

మీ స్పెషల్ డ్రైవ్‌లూ చూశాం. సైలెన్సర్లు వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించారు, ఫోటోలు బాగా వచ్చాయి. మోత పెరిగేలా లోపలి జాలీ తీసేసిన సైలెన్సర్ అమ్మే షాపు జోలికి ఎవరైనా వెళ్లారా? పట్టుబడ్డ మైనర్లకు కెమెరాల ముందు కౌన్సెలింగ్ ఇచ్చి పంపించేశారు. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం బండి ఇచ్చిన తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ఇలా ఎంతమంది మీద కేసు పెట్టారో ఒక్కసారి లెక్క చెప్పండి. చలానాల లెక్క చెప్పినంత హుషారుగా చెబితే వింటాం.

వెంటబడి పట్టుకోమని అడగడం లేదు. వెంటబడితే వాడు ఇంకా రేజ్ చేస్తాడు, ఇంకొకరిని గుద్దుతాడు. ఎంత దూకుడు బండైనా ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. పెట్రోల్ బంకులో ఆగుతుంది, కాలేజీ స్టాండులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగే ఉంటుంది. రిజిస్ట్రేషన్ గుర్తు నిబంధన ప్రకారం కనబడాలని 39వ సెక్షన్ చెబుతోంది. దాన్ని ఉల్లంఘించిన బండిని పట్టుకుని ఉంచే అధికారం 207వ సెక్షన్ ఇస్తోంది. ఆగి ఉన్న బండిని పట్టుకోవడానికి ఛేజింగ్ అక్కర్లేదు, కొత్త కెమెరా టెండరూ అక్కర్లేదు. బహుశా అదే అడ్డమేమో.

దయచేసి ఏదో ఒకటి చెయ్యండి. బంకుల దగ్గర తనిఖీ పెట్టండి, కాలేజీ స్టాండుల్లో పెట్టండి, సైలెన్సర్ షాపుల మీద పెట్టండి. ముందు ఆ ప్లేట్ల సంగతి చూడండి. ఈ లేఖకు మాత్రం 'సంబంధిత శాఖకు పంపడమైనది' అని రాయకండి. సంబంధిత శాఖ మీదే.

ఇట్లు,
రోజూ ఆ రోడ్లు దాటే పాదచారులు, బస్సు ప్రయాణికులు