చెప్పులు పట్టుకుని నిలబడ్డ మనిషి

ఒరేయ్,

వందనాలు. నీ ఉత్తరం అందింది. "ఇక జన్మలో ఓటెయ్యను, చర్చి సంఘంలో ఎవరి మొహమూ చూడబుద్ధి కావట్లేదు" అని రాశావు. నిన్ను తిడదామనే కూర్చున్నాను కానీ, ఆ హక్కు నాకు లేదురా. ఎందుకో విను.

మా ఎదురింటాయన అవతలి పార్టీ. ఫలితాలొచ్చిన దగ్గర్నుంచి ఆయన ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ తప్పుకునేవాణ్ణి. పోయిన నెల ఓ రాత్రి ఒంటిగంటకి అమ్మకి ఆయాసం ఎక్కువైంది. అంబులెన్స్ ఎంతకీ రాదు, నాకేమో కాళ్లూ చేతులూ ఆడటం లేదు. అలికిడికి ఆయన తలుపు తీశాడు. చొక్కా గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పెట్టుకుని, ఒక్క మాటా అడక్కుండా కారు తీశాడు. ఆ కారు వెనకద్దం మీద ఎవరి బొమ్మ ఉందో నీకు చెప్పక్కర్లేదు! తెల్లారిందాకా ఆస్పత్రి వరండాలో అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కింద పెట్టండంటే, "పోతాయండీ, ఇక్కడ జనం ఎక్కువ" అన్నాడు. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది, కంగారుపడకు.

దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని ఓ సమరయుడు ఆదుకున్నాడని యేసు చెప్పిన మంచి సమరయుడి కథ చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా. ప్రతిసారీ ఆ సమరయుణ్ణి నేనే అనుకుంటూ విన్నాన్రా. దారిలో దెబ్బలు తిని పడున్నవాడి వైపు నుంచి ఆ రాత్రే మొదటిసారి చూశాను. యూదులకి సమరయులంటే గిట్టదు. సాయం మాత్రం ఆ గిట్టని మనిషి చేతే చేయించాడు ప్రభువు. ఆ ముక్క మనం వినీ విననట్టు దాటేస్తాం.

ఇంకోటి. యేసు పన్నెండుమంది శిష్యుల్లో మత్తయి రోమా పెత్తనం కింద పన్నులు వసూలు చేసినవాడు. సీమోనుకేమో జెలోతే అని పేరు. అంటే మహా పట్టుదల గలవాడని. రోమా పెత్తనం పడని బాపతని ఆ పేరుని బట్టి చాలామంది అనుకుంటారు. వాళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చున్నారో, ఏమేం మాటలు అనుకున్నారో సువార్తల్లో లేదు. నాకు మాత్రం అదే వినాలనుంది.

నీ నిరాశ సంగతికొస్తే, బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 28, 29 అధ్యాయాలు పక్కపక్కనే పెట్టుకుని చదువు. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో బబులోను కాడి, అంటే యూదుల మీద బబులోను రాజు పెత్తనం, విరిగిపోతుందని నలుగురిలో ప్రకటించాడు. జనానికి కావలసిన మాట అదే. యిర్మీయా మాత్రం బబులోనులో చెరలో ఉన్న యూదులకి ఉత్తరం రాసి, 70 ఏళ్లు పడుతుందన్నాడు. అలాగని చేతులు ముడుచుకు కూర్చోమన్లేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టినవాళ్ల పట్టణం బాగు కోసం ప్రార్థన చెయ్యండి అన్నాడు. మనం ఈసారి హనన్యా మాట నమ్మాం రా. ఒక మనిషి గెలిస్తే చాలు అన్నీ చక్కబడతాయనుకున్నాం. దేవుడి మీద పెట్టాల్సిన బరువంతా ఓ నాయకుడి నెత్తిన పెట్టి, మోయలేకపోయాడని ఏడుస్తున్నాం.

అలాగని ఓటు మానెయ్యమని కాదు. దయగా ఉంటే చాలు, చట్టాలు ఎలా ఉంటే మనకేం అనే భక్తి నాకు నచ్చదు. బానిస వ్యాపారం ఆపాలని విల్బర్‌ఫోర్స్ అనే ఎంపీ బ్రిటన్ పార్లమెంటులో 1791లో పెట్టిన తీర్మానం 163-88 ఓట్లతో ఓడిపోయింది. చట్టం వచ్చింది 1807లో. అది కూడా బానిసల్ని కొని అమ్మడం మీదే. సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టానికి 1833 దాకా ఆగాల్సొచ్చింది. నువ్వేమో ఒక్క ఎన్నికకే మంచం పట్టావు!

నేనూ పెద్దగా మారిపోయానని అనుకోకు. మొన్న ఎదురింటాయన మళ్లీ వాళ్ల నాయకుణ్ణి పొగుడుతుంటే ఒళ్లు మండింది, గట్టిగానే వాదించాను. కాకపోతే వాదన అయ్యాక ఇద్దరం కలిసే మెట్లు దిగాం.

అన్నట్టు, మీ బావతో మాటలు కలిశాయా? ఆ గొడవ తర్వాత నువ్వు ఫోన్ చెయ్యలేదని చెల్లెమ్మ బాధపడింది. నువ్వే ముందు చెయ్యి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఆయన మోకాలి నొప్పి ఎలా ఉందో అడుగు. దాని గురించయితే ఆయన గంటసేపు చెప్తాడు.

ఉంటాను రా,
నీ నేస్తం