అరకొర స్పానిష్‌తో మాడ్రిడ్‌లో మా బతుకు నడిపించినవాళ్లకు కృతజ్ఞతలు

మాడ్రిడ్‌లో మా తెలుగువాళ్లకు మాటసాయం చేసిన అందరికీ నమస్కారం. పేర్లు రాస్తే మీకు ఇబ్బందిగా ఉంటుందని రాయడం లేదు. మీరు నేర్పినవి మాత్రం రాస్తున్నాం. సెప్టెంబర్‌లో చదువులకు వచ్చే మన పిల్లలకు మీ చలవ అందాలి కదా.

మొదటి దండం స్పానిష్ టీచరుగారికి. పదాలను ఇంగ్లిష్ అక్షరాలతో చూసి చదవొద్దు, మీ లిపిలో రాసుకోండి అన్నది ఆవిడే. దానికి గట్టి కారణమే ఉంది. స్పానిష్‌లో అచ్చు ధ్వనులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. త, ద మనలాగే పళ్లకు తగిలే అక్షరాలు. ప, క పలికేటప్పుడు ఊపిరి ఒత్తరు. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క; ర, ర్ర తేడా మనకు పుట్టుకతోనే వచ్చు. పదంలో ఎక్కడ ఒత్తి పలకాలో అక్కడ దీర్ఘం పెట్టుకుంటే చాలు: ఎస్క్రిబీర్, గ్రాథియాస్. మన లిపికి పూర్తిగా లొంగనివి ముఖ్యంగా రెండు. ఒకటి నాలుక కొన పళ్ల మధ్య పెట్టి పలికేది, దాన్ని థ అని రాసుకుంటున్నాం. రెండోది గొంతులోంచి వచ్చే ఖ. వెల్లుల్లి అడగాలంటే ‘ఆఖో’.

మర్యాద సంగతి కూడా ఆవిడ దగ్గరే తేలింది. మన మీరు, నువ్వు లాగే వాళ్లకు ఉస్తేద్, తూ. ‘ప్వేదెస్’ అంటే నువ్వు చేయగలవా, చివరి స్ తీసేసి ‘ప్వేదె’ అంటే మీరు చేయగలరా. దుకాణాల్లో తూ అన్నా ఎవరూ ఏమనుకోరు. డాక్టరు, ఆఫీసు, పెద్దవాళ్ల దగ్గర మాత్రం ఉస్తేద్ వాడండి. అన్నింటికంటే అక్కరకొచ్చే వాక్యం ‘మె లో ప్వేదె ఎస్క్రిబీర్?’, అంటే కాస్త రాసిస్తారా అని. అంకెల దగ్గర ఇది తప్పనిసరి. సెసేంతా 60, సెతేంతా 70. దోస్ 2, దోథె 12. హడావుడిలో ఇవి ఒకేలా వినిపిస్తాయి. రాసిచ్చాక ఇంకొకటి చూసుకోవాలి: 1.250,50 అంటే పన్నెండు వందల యాభై యూరోల యాభై సెంట్లు. అక్కడ చుక్క వేలకు, కామా పైసలకు.

బజారులో కూరగాయల కొట్టు అన్నగారికి. ఇక్కడ జనం వరసలో నిలబడినట్టు కనిపించరు గానీ వరస ఉంటుంది. రాగానే ‘కియేన్ ఎస్ ఎల్ ఊల్తిమో?’, చివర ఎవరు అని అడగాలి. అడగకుండా ముందుకెళ్తే తోసుకొచ్చారనుకుంటారు. ‘మేదియో కీలో’ అరకిలో. ‘క్వార్తో ఇ మితాద్’ని మాటకు మాట పావు, సగం అని కూడితే 750 గ్రాములనిపిస్తుంది, కానీ అది 375. పావుకిలో మీద అరపావు అన్నమాట. వెన్న కావాలంటే ‘మాంతెకీయా’ అనాలి. ‘మాంతేకా’ అంటే మామూలుగా పంది కొవ్వు చేతికొస్తుంది.

శాకాహారులు హోటల్లో ‘సిన్ కార్నె’, మాంసం లేకుండా అని ఆగిపోవద్దు. కార్నె అంటే మాంసమే అయినా చాలామందికి ట్యూనా చేప, ఉప్పులో ఊరేసిన పంది తొడ మాంసం ఖమోన్ ఆ లెక్కలోకి రావు. ‘సిన్ ఖమోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్’, ఖమోన్, చేప, ట్యూనా లేకుండా అని విడివిడిగా చెప్పండి. లెంతేఖాస్ పప్పే కదా అని తినేయకండి, అందులో తరచూ చోరీథో అనే పంది మాంసం సాసేజ్ వేసి వండుతారు. సూప్ అయితే ‘యేవా కాల్దో దె పోయో?’, కోడిరసం పోశారా అని అడగాలి.

ఫార్మసీ అమ్మగారికి ప్రత్యేకంగా. ‘ఎస్తోయ్ కోన్స్తిపాదో’ అంటే ఇక్కడ జలుబు చేసింది అని. మలబద్ధకానికి ‘ఎస్త్రెన్యీదో’; ఆడవాళ్లు చివర ఓ బదులు ఆ అనాలి. ఇంగ్లిష్ మాటకు దగ్గరగా ఉందని మొదటిది వాడితే జలుబు మందు పట్టుకుని ఇంటికొస్తారు. నొప్పి చోట చెయ్యి పెట్టి ‘మె ద్వేలె అకీ’, ఆ తర్వాత ‘దెస్దె ఆథె త్రెస్ దీయాస్’, మూడు రోజుల నుంచి. డాక్టరుకు సగం సంగతి ఈ రెండు ముక్కల్లోనే తెలిసిపోతుంది. పడని మందు పేరు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి జేబులో ఉంచుకోండి, నోటితో చెప్పే ప్రయత్నం వద్దు. అత్యవసరానికి 112; ముందు వీధి, నంబరు, అంతస్తు చెప్పాలి.

విదేశీయుల ఆఫీసుకు వెంట వచ్చిన అక్కకు మేం చాలా రుణపడ్డాం. 6 నెలలు మించిన స్టూడెంట్ వీసాతో వచ్చినవాళ్లు దేశంలో అడుగుపెట్టిన నెలలోపు తియె కార్డుకు, అంటే విదేశీయుల గుర్తింపు కార్డుకు, అప్లై చేయాలి. అపాయింట్‌మెంట్‌ను థీతా అంటారు, అది దొరకడమే కష్టం కాబట్టి దిగిన వారంలోనే వెతకడం మొదలుపెట్టండి. ఇఎక్స్-17 ఫారం, 790 ఫారంలో 012 కోడ్ కింద ముందే బ్యాంకులో కట్టిన రుసుము రసీదు, ఫొటో, పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. ఇంటి చిరునామా నమోదు, అంటే పద్రోన్, అద్దె ఒప్పందం చేతికి రాగానే చేయించండి. వేలిముద్రలయ్యాక ఇచ్చే రెస్గ్వార్దో కాగితం పోగొట్టుకోవద్దు, కార్డు తీసుకునేటప్పుడు అడుగుతారు.

మనవాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. స్పెయిన్‌వాళ్లకు ఇంటిపేర్లు రెండు, అందుకే ఫారంలో ప్రిమేర్ అపెయీదో, సెగూందో అపెయీదో, నోంబ్రె అని మూడు గళ్లుంటాయి, అంటే మొదటి ఇంటిపేరు, రెండో ఇంటిపేరు, సొంత పేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏముందో అదే మొదటి గడిలో రాసి, రెండోది ఖాళీగా వదలండి. గడి ఉంది కదా అని నాన్నగారి పేరో, సొంత పేరులో సగమో రాస్తే పాస్‌పోర్టుతో పొసగదు. ఆ తప్పు తర్వాత బ్యాంకులోనూ వెంటాడుతుంది. ఆఫీసులో పిలిచేది కూడా ఇంటిపేరుతోనే, చెవి అటే ఉంచాలి.

ఇక మా మెట్ల పక్క వాటా అమ్మమ్మగారు. ఫోన్లో ముఖం కనబడదు, చేతిసైగ పనికిరాదు, అందుకే అరకొర భాషకు ఫోనే గండం. ‘మె మాందా ఉన్ వాట్సాప్?’ అని అడిగి సందేశం పంపించమనండి, తీరిగ్గా అనువదించుకోవచ్చు అని చెప్పింది ఆవిడే. కొరియర్ అబ్బాయి కింద గంట కొడితే చెప్పాల్సిన ‘బాఖో’, దిగొస్తున్నా, అన్నదీ ఆవిడ నేర్పిందే. మూచాస్ గ్రాథియాస్, సెన్యోరా. ఆదివారం పులిహోర పట్టుకొస్తాం, అందులో మాంసం లేదు, చేప లేదు, కోడిరసం లేదు.