పిల్ల బ్రౌన్ బెల్టు విప్పించకండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే మీ జిల్లా పేజీల్లో కరాటే శిబిరాల ఫొటోలు వస్తుంటాయి. తెల్ల డ్రెస్సుల్లో పిల్లలు వరసగా నిలబడి ఉంటే చూడ్డానికి సంబరంగా ఉంటుంది. తెనాలిలో చాలా ఏళ్లుగా ఆడపిల్లలకు కరాటే నేర్పుతున్నదాన్ని. ఫొటోల్లో కనపడని ఒక బాధ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా దగ్గర ఆరేళ్లు నేర్చుకున్న తొమ్మిదో తరగతి అమ్మాయి, తండ్రికి బదిలీ కావడంతో ఈ జూన్‌లో వేరే ఊరు వెళ్లింది. అక్కడ క్లాసులో చేరిన మొదటి సాయంత్రమే, పిల్ల నిలబడిన తీరు చూసి మాస్టారు "ఇదేం స్టాన్స్? ఎవరు నేర్పారు నీకు?" అన్నారట. బ్లాక్ బెల్టుకి ముందుండే బ్రౌన్ బెల్టు తీయించి, కొత్తగా చేరినవాళ్లు కట్టే తెల్ల బెల్టు కట్టించి, చివరి వరసలో ఏడేళ్ల పిల్లల పక్కన నిలబెట్టారట. మర్నాటి నుంచి పిల్ల క్లాసుకి వెళ్లనంది. వాళ్లమ్మ ఫోన్ చేసి, "మేడమ్, మా అమ్మాయి ఇన్నాళ్లూ తప్పు నేర్చుకుందా?" అని అడిగింది. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

ఆ పిల్ల తప్పేమీ నేర్చుకోలేదు. కరాటేలో చాలా స్టైళ్లున్నాయి. నేను నేర్పేది గోజు-ర్యూ, అక్కడ నేర్పేది షోటోకాన్. పిల్ల నిలబడింది నెకో-ఆషిలో, అంటే పిల్లి అడుగు. ముందు పాదంలో వేళ్ల వైపు భాగం మాత్రమే నేలకి ఆనుతుంది, బరువు దాదాపు అంతా వెనక కాలి మీదే. ఎదుటివాడు మీదికొస్తే ఆ ముందు కాలు తేలిగ్గా లేచి వాడి మోకాలికి తగులుతుంది. షోటోకాన్‌లో ఇలాంటి చోట కొకుట్సు వేస్తారు. కాళ్లు బాగా ఎడంగా, బరువు 70 శాతం వెనక్కి. రెండూ దెబ్బ తప్పించుకుని తిరిగి కొట్టడానికే. మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉందనుకుని ఆ స్టైల్ తయారైందో, దాన్ని బట్టి కాళ్లు మారాయి.

నేను 1988లో విజయవాడలో మొదలుపెట్టింది షోటోకాన్‌లోనే. పన్నెండేళ్లు చేశాక గోజులోకి వచ్చాను. అందుకే రెండు ఇళ్లలోనూ భోంచేసిన మనిషిగా చెబుతున్నాను. షోటోకాన్ మనిషి దూరం నుంచి ఒక్క పొడుగాటి అడుగులో దూసుకొచ్చి గుద్దుతాడు. ఆ లోతైన స్టాన్సుల వల్ల తొడలకు వచ్చే బలం ఇంకే వ్యాయామంలోనూ రాలేదు నాకు. గోజులో మనిషి అప్పటికే మన మీద పడ్డాడనుకుని మొదలుపెడతాం. సాంచిన్ అనే స్టాన్స్‌లో కాలివేళ్లు లోపలికి తిప్పి, మోకాళ్లు దగ్గరగా, కింద నేలని పట్టుకున్నట్టు నిలబడతాం. వాడి చేతిని అడ్డుకుని వదిలేయం, చేతిని అంటుకునే ఉండి పక్కకి తిప్పుతాం. సీటు కోసం తోసుకునే ఆర్టీసీ బస్సులో మూడడుగుల స్టాన్స్ వేయడానికి చోటెక్కడ? అదే ఖాళీ వీధిలో ఎదురొచ్చేవాడిని దగ్గరికి రానీయకుండా ఆపాలంటే నా పిల్లలకు షోటోకాన్ వాళ్లు ముందుకు కొట్టే కిక్ కావాలి. అది నేర్పడానికి నేనేం మొహమాటపడను.

ఇంకో సంగతి. "మా స్టాన్సే అసలైనది" అనే మాస్టార్లు ఫునాకోషి గిచిన్ మాస్టారి పాత ఫొటోలు ఒకసారి చూడాలి. 1922లో జపాన్‌లోని ఒకినావా దీవి నుంచి టోక్యో వెళ్లి కరాటే చూపించిన మనిషి ఆయన. షోటోకాన్ ఆయన పేరు మీదే నడుస్తోంది. 1920ల ఫొటోల్లో ఆయన ఇప్పటి షోటోకాన్ వాళ్ల కంటే చాలా ఎత్తుగానే నిలబడి ఉంటారు. స్టాన్స్ అంత కిందికి దిగింది ఆ తర్వాత, ముఖ్యంగా ఆయన కొడుకు యోషితాకా చేతిలో. అంటే ఒకే ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్యే తేడా వచ్చింది. ఒకినావాలో ఇతోసు దగ్గరా హిగావొన్నా దగ్గరా నేర్చుకున్న మబుని కెన్వా, తన స్టైల్‌కి ఇద్దరు గురువుల పేర్లలోని జపాన్ లిపి అక్షరాలు కలిపి షితో-ర్యూ అని పేరు పెట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరినీ తప్పనలేదు.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది చేయి పట్టుకుంటే ఏం చేయాలని. మా సైఫా కటా (కటా అంటే ఒక వరసలో చేసే కదలికలు) మొదలయ్యేదే దాంతో. వాడు పట్టుకున్న మన చేతి పిడికిలి మీద మన రెండో చేయి వేసి, ఏటవాలుగా అడుగు వేస్తూ ఒళ్లంతా కలిపి లాగి, అదే పిడికిలి వెనక వైపుతో మొహం మీద కొట్టాలి. భుజంతో లాగితే రాదు, అడుగుతో లాగాలి. పట్టు ఎప్పుడూ బొటనవేలి దగ్గరే సడలుతుంది కాబట్టి మణికట్టు అటు తిప్పాలి. ఇది గోజు సొత్తు అనుకుంటారేమో. షోటోకాన్‌లో పిల్లలు మొదట్లోనే నేర్చుకునే హెయాన్ షోదాన్ కటాలో నాలుగో కదలిక చూడండి. ముందు కాలు దగ్గరికి లాక్కుని, కాస్త పైకి లేచి, చేతిని గుండ్రంగా తిప్పి పిడికిలిని పైనుంచి దించుతారు. అదీ మణికట్టు విడిపించుకోవడమే. కాకపోతే చాలా క్లాసుల్లో "నాలుగు!" అని లెక్క పెట్టిస్తారు గానీ, ఎందుకో చెప్పరు. నాకూ పన్నెండేళ్లలో ఎవరూ చెప్పలేదు. గోజులోకి వచ్చాక సైఫా చేస్తుంటే అర్థమై, ఆ సాయంత్రం మేడ మీద హెయాన్ షోదాన్ ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

కొత్తలో నేనూ ఇదే పొరపాటు చేశాను. షోటోకాన్ నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ణి, "ఆ పొడుగు కాళ్లు ఇక్కడ పనికిరావు" అని అందరి ముందూ అన్నాను. రెండు వారాలకే మానేశాడు. ఎక్కడున్నాడో తెలియదు. ఈ ఉత్తరం చదివితే, బాబూ, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

టోక్యో ఒలింపిక్స్‌లో కటా పోటీలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మగవాళ్లలో బంగారం గెలిచిన కియునా ర్యో చేసేది ర్యూయే-ర్యూ, ఆడవాళ్లలో గెలిచిన స్పెయిన్ సాండ్రా సాంచెజ్‌ది షితో-ర్యూ. జడ్జీలు ఎవరి కటాని వాళ్ల స్టైల్ పద్ధతిలోనే చూసి మార్కులు వేశారు. అంత పెద్ద పోటీలో కుదిరింది మన ఊళ్లో బెల్టు టెస్టులో ఎందుకు కుదరదు?

మాస్టార్లకు నా మనవి ఒక్కటే. వేరే స్టైల్ నుంచి పిల్ల వస్తే వచ్చిన బెల్టుతోనే నిలబెట్టండి. మీ కటాలు ఆర్నెల్లు నేర్పి, మీ పద్ధతిలో టెస్ట్ పెట్టండి. తెలియనివి ఉంటే అప్పుడు చెప్పండి. తల్లిదండ్రులు కూడా ఏ స్టైల్ గొప్పదని అడగడం మానేసి, ఈ కదలిక దేనికని అడగండి. చెప్పగలిగిన మాస్టారి దగ్గర చేర్పించండి.

ఆ అమ్మాయి దసరా సెలవులకు తెనాలి వస్తోంది. బెల్టు బీరువాలో పెట్టేసిందట. వచ్చేటప్పుడు తెచ్చుకోమని చెప్పాను.

ఇట్లు,
ఒక కరాటే టీచర్,
తెనాలి